ఎక్కడికీ వెళ్ళని ఓడలు

(విశాఖపట్నంలో విద్యార్థులు, మత్స్యకార కుటుంబాలు హాజరైన ఒక సభలో వాతావరణ శాఖ విశ్రాంత ఉద్యోగి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలను ఒక ప్రశ్న అడిగి మొదలుపెడతాను. ఓడ దేనికి? సరుకు మోయడానికి. మనుషులను దాటించడానికి. చేపలు పట్టడానికి. యుద్ధం చేయడానికి. మీరు చెప్పినవన్నీ నిజమే. అయితే ఆ పనుల్లో ఏది చేయాలన్నా ఓడ ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఎక్కడికీ వెళ్ళని ఓడల గురించి. రేవు వదిలి, వందల మైళ్ళు సాగి, పటం మీద గుర్తు పెట్టిన ఒక చోటికి చేరి, సుమారు మూడు వారాలపాటు అక్కడే ఉండి, గాలి ఎటునుంచి వీస్తోందో, ఎంత బలంగా వీస్తోందో, వాయుపీడనం పెరుగుతోందో తగ్గుతోందో, నీరు ఎంత వెచ్చగా ఉందో గంట గంటకూ రాసి, రేడియోలో ఒడ్డుకు చెప్పి, ఇంకో ఓడ వచ్చి ఆ చోటు తీసుకున్న తరువాత మాత్రమే ఇంటిముఖం పట్టే ఓడలు. వాటిని వాతావరణ నౌకలు అన్నారు.

ఎందుకు కావలసివచ్చాయి ఇవి? సముద్రం మీద ఎప్పుడూ వేల ఓడలు తిరుగుతూనే ఉంటాయి కదా, వాటినే అడిగితే సరిపోదా? అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. మన విశాఖ రేవులోనే వాతావరణ శాఖకు ఓడరేవు కార్యాలయం ఉంది. సరుకు ఓడల అధికారులతో మాట్లాడి, వారి బారోమీటరు సరిచూసి, పరిశీలనలు పంపమని కోరడం అక్కడి పని. కానీ ఒక్క చిక్కు ఉంది, దాన్ని జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఈ కథంతా ఆ చిక్కు చుట్టూనే తిరుగుతుంది. దారిలో తుఫాను ఉందని రేడియోలో విన్న కెప్టెన్ ఏం చేస్తాడు? ఓడను పక్కకు తిప్పుతాడు. తిప్పాలి కూడా, అది అతని ధర్మం. మరి ఓడలన్నీ పక్కకు తప్పుకుంటే తుఫాను మధ్యలో ఏం జరుగుతోందో చెప్పేదెవరు? హెచ్చరిక ఎంత బాగా పనిచేస్తే ఆ హెచ్చరికకు కావలసిన సమాచారం అంత తగ్గిపోతుంది. సముద్రం ప్రశాంతంగా ఉన్నచోట నుంచి నివేదికలు కుప్పలుగా వస్తాయి. సముద్రం కల్లోలంగా ఉన్నచోట పటం ఖాళీగా ఉంటుంది. తప్పుకోకుండా అక్కడే ఉండే ఓడ ఒకటి కావాలి.

ఆలోచన పాతదే. 1930ల చివర్లో ఫ్రాన్సు కరిమారే అనే ఓడను అట్లాంటిక్ మధ్యకు పంపింది. అప్పటికే నీటి మీద దిగి లేవగల పెద్ద విమానాలు, ఎగిరే పడవలనేవారు వాటిని, అట్లాంటిక్‌ను దాటడం మొదలుపెట్టాయి. అంతలో 1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. యుద్ధం రాగానే ఏమైంది? ఓడలన్నీ నోరు మూసుకున్నాయి. రేడియోలో ఒక్క మాట పలికినా జలాంతర్గామికి తమ చోటు తెలిసిపోతుంది. కాబట్టి వాతావరణ నివేదికలు ఆగిపోయాయి, విమానాలు మాత్రం ఆగలేదు. అందుకని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆదేశం మీద 1940 ఫిబ్రవరిలో అమెరికా తీరరక్షక దళం బిబ్, డ్యూయేన్ అనే రెండు ఓడలను బెర్ముడాకూ అజోర్స్ దీవులకూ మధ్య నిలబెట్టింది. బిబ్ అనే పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఒకేచోట ఉండే ఓడ యుద్ధకాలంలో ఎంత తేలికైన గురో వేరే చెప్పనక్కరలేదు. 1942 సెప్టెంబరులో మస్కెగెట్ అనే అమెరికా వాతావరణ నౌక ఉత్తర అట్లాంటిక్‌లో తన చోటులో ఉండగానే జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. అందులో ఉన్న 121 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. వారిలో నలుగురు సైనికులు కారు, వాతావరణ కార్యాలయపు పరిశీలకులు. నాలాంటి ఉద్యోగులు. బారోమీటరు చూసి అంకెలు రాసుకునేవారు. ఆ నలుగురి సంగతి తెలిసినప్పటినుంచి వాతావరణ బెలూను వదిలే ప్రతి ఉదయమూ వారిని ఒకసారి తలచుకోవడం నాకు అలవాటైపోయింది.

జర్మనీకీ ఇటువంటి ఓడలుండేవి. ఐస్‌లాండుకు పైన, ఎవరూ పోని చలి సముద్రంలో, చిన్న చేపల ఓడలను వాతావరణం చూడడానికి ఉంచారు. వారాల తరబడి ఒంటరిగా ఉండాలి కాబట్టి ఎనిగ్మా రహస్య లిపి యంత్రమూ, దాన్ని ఏ రోజు ఎలా అమర్చాలో చెప్పే, ముందు నెలలకు సరిపడా పట్టికలూ వాటిలో ఉంటాయని, శత్రువుల రహస్య లిపులు విప్పే బ్రిటన్ కేంద్రం బ్లెచ్‌లీ పార్కులో హిన్స్‌లీ అనే యువకుడు ఊహించాడు. 1941 మే నెలలో మ్యూన్‌షెన్‌నూ, జూన్‌లో లావెన్‌బుర్గ్‌నూ బ్రిటిష్ నౌకలు పట్టుకున్నాయి. అతని ఊహ నిజమైంది. గాలివాన సమాచారం పంపే రెండు చిన్న ఓడలు ఒక మహాయుద్ధపు రహస్యాన్ని విప్పడంలో పాలుపంచుకున్నాయి. దాని గురించి ఇంకా చాలా చెప్పవచ్చు గానీ, నా విషయం అది కాదు.

యుద్ధం ముగిశాక, 1946లో, పౌర విమానయానపు అంతర్జాతీయ సంస్థ లండన్‌లో సమావేశమైంది. ఉత్తర అట్లాంటిక్‌లో పదమూడు చోట్ల ఓడలను నిలపాలని, ఖర్చును దేశాలు పంచుకోవాలని నిర్ణయించారు. తరువాతి ఏళ్ళలో ఆ సంఖ్య తొమ్మిదికి తగ్గింది. ఒక్కో చోటుకు ఒక్కో అక్షరం, అక్షరానికి రేడియోలో పలికే పేరు. ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో. నార్వే సముద్రంలో మైక్. పసిఫిక్‌లో నవంబర్, పాపా, విక్టర్. ఐ అక్షరానికి పలికే పేరు ఇండియా కాబట్టి ఐస్‌లాండుకు దక్షిణాన ఇండియా అని కూడా ఒకటి ఉండేది. ఆ పేరు విని మన సముద్రంలో ఉందని మీరు అనుకోకండి. మన సముద్రం మాట చివరలో చెబుతాను.

ఇప్పుడు పిల్లలకు తప్పక రావలసిన సందేహం ఒకటుంది. నడిసముద్రంలో ఓడ ఒకేచోట ఎలా ఉంటుంది? లంగరు వేస్తారా? పాపా దగ్గర లోతు నాలుగు వేల మీటర్లు దాటుతుంది, అంత లోతులో ఓడ లంగరు వేయడం కుదిరేది కాదు. కాబట్టి ఇంజను ఆపి, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోనిచ్చి, దూరం ఎక్కువైందనుకున్నప్పుడు మళ్ళీ ఇంజను వేసి వెనక్కి వచ్చేవారు. గాలి ఉద్ధృతంగా ఉంటే దానికి ఎదురుగా ముక్కు పెట్టి నెమ్మదిగా నడిపేవారు. పటం మీద ఆ చోటు చుట్టూ పది మైళ్ళ గళ్ళు గీసి, ప్రతి గడికీ రెండక్షరాల పేరు పెట్టారు. ఓడ మీది రేడియో దీపస్తంభం తాను ప్రస్తుతం ఏ గడిలో ఉందో ఆ అక్షరాలను పలుకుతూ ఉండేది. పైన రాత్రివేళ పోయే విమానం ఆ పలుకు విని తాను ఎక్కడున్నదో తెలుసుకునేది. ఉపగ్రహం చూసి దారి చెప్పే ఫోను మీ చేతిలో ఉంది కాబట్టి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. అప్పుడు అట్లాంటిక్ మీద చీకట్లో పోయే విమానానికి కింద ఒక మనిషి ఉన్నాడని తెలియడం చిన్న విషయం కాదు.

ఓడ మీద పని ఎలా ఉండేదో ఇక చెబుతాను. గంట గంటకూ ఒకరు బయటికి రావాలి. గాలివైపు అంచుకు వెళ్ళి, పొడి థర్మామీటరూ తడిగుడ్డ చుట్టిన థర్మామీటరూ చదవాలి. ఓడ పొగ, ఓడ వేడి తగిలిన గాలిని కొలిస్తే అది సముద్రపు లెక్క కాదు, ఓడ లెక్క. తాడు కట్టిన బకెట్టును సముద్రంలోకి వదిలి, నిండాక పైకి లాగి, నీడలో పెట్టి, గాలికి చల్లబడేలోపు థర్మామీటరు ముంచి చదవాలి. ఇళ్ళలో బావి చేద తోడినట్టే, కాకపోతే బావి కదులుతూ ఉంటుంది, తోడే మనిషీ కదులుతూ ఉంటాడు. అలల ఎత్తు, మేఘాల రకం, ఎంత దూరం కనబడుతోంది, ఇవన్నీ కంటితో అంచనా కట్టి, అయిదేసి అంకెల గుంపులుగా మార్చి, రేడియో గదికి అందించాలి. అప్పటికి మరుసటి గంట దగ్గరపడుతుంది.

ఇక బెలూను. ఇందులో నాకు కొంత స్వానుభవం ఉంది. ఒడ్డున ముప్ఫై ఏళ్ళకు పైగా తెల్లవారి అయిదున్నరకూ సాయంత్రం అయిదున్నరకూ బెలూన్లు వదిలాను. ప్రపంచమంతా ఒకే వేళకు వదలాలి, మన గడియారంలో ఆ వేళలు అవి. బెలూను కింద పొడవాటి దారానికి రేడియోసాండ్ వేలాడుతుంది. అది పైకి పోతూ పోతూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ చెబుతుంది. పాతిక ముప్ఫై కిలోమీటర్ల ఎత్తున బెలూను పగిలే దాకా చెబుతూనే ఉంటుంది. నేల మీద అది పెద్ద కష్టమేమీ కాదు. నింపుతాం, కడతాం, వదులుతాం. ఒకసారి మాత్రం, చాలా ఏళ్ళ కిందట, పరిశోధక నౌక మీద కొన్ని వారాలు బంగాళాఖాతంలో గడిపాను. మొదటి సాయంత్రం నేను బెలూను వదలగానే ఓడ కట్టడం వెనుక సుడి తిరిగే గాలి దాన్ని పైకి పోనివ్వకుండా కిందికి లాగింది. దారం కమ్మీకి చుట్టుకుంది. పరికరం ఇనుముకు తగిలి పగిలి నీళ్ళలో పడింది. మూడు గంటల తయారీ మూడు సెకన్లలో పోయింది. ఓడలో అనుభవమున్న ఒక సరంగు నా దగ్గరకు వచ్చి, గాలి పోయే వైపుకే, గాలి వేగంతోనే ఓడను నడిపిస్తే ఓడ మీద గాలే ఉండదని చెప్పాడు. మరునాడు కెప్టెన్ గారిని అడిగి అలాగే చేశాం. అంతవరకు చెవులు గింగురుమనిపించిన గాలి ఒక్కసారిగా ఆగిపోయింది, చొక్కా కూడా కదల్లేదు. బెలూను నిలువునా, దీపం వెలిగించినంత నెమ్మదిగా పైకి లేచింది. అట్లాంటిక్ ఓడల మీద పనిచేసినవారు పది మీటర్ల అలల మధ్య, మంచు పట్టిన డెక్కు మీద, రోజూ ఈ పని చేశారు. ఏడాది పొడుగునా చేశారు.

బిబ్ పేరు గుర్తుంచుకోమన్నాను కదా. 1947 అక్టోబరు 14. బిబ్ ఆనాడు ఉత్తర అట్లాంటిక్‌లో చార్లీ అనే చోటులో ఉంది. ఐర్లండులోని ఫోయిన్స్ నుంచి న్యూఫౌండ్‌ల్యాండులోని గాండర్‌కు బెర్ముడా స్కై క్వీన్ అనే ఎగిరే పడవ బయలుదేరింది. అందులో పసిపిల్లలతో సహా 69 మంది ఉన్నారు. అనుకున్నదానికంటే ఎదురుగాలి ఎక్కువైంది. గాండర్ చేరడానికి ఇంధనం చాలదని పైలట్ చార్లెస్ మార్టిన్‌కు అర్థమైంది. వెనక్కి పోవడానికీ చాలదు. ఆ విశాలమైన నీటి మీద అతనికి తెలిసిన చోటు ఒకే ఒక్కటి, వాతావరణ నౌక ఉన్న చోటు. అతను బిబ్ వైపు తిరిగి, వచ్చి, దాని పక్కన కల్లోల సముద్రం మీద దిగాడు.

దిగడం ఒక ఎత్తు, మనుషులను దించడం ఒక ఎత్తు. అలలు పది మీటర్లకు దగ్గరగా లేస్తున్నాయి. విమానం ఓడ దగ్గరకు రాబోయి ఓడ పక్కకే కొట్టుకుంది, ముక్కు దెబ్బతింది. బిబ్ కెప్టెన్ పాల్ క్రాంక్ అలలను కొంచెమైనా అణచడానికి సముద్రం మీద నూనె పోయించాడు. రబ్బరు తెప్పను విమానపు తలుపు దగ్గరకు చేర్చి, కొద్దికొద్దిమందిని అందులోకి జారవిడిచి, తెప్పనుంచి ఓడకు ఎక్కించారు. పసిబిడ్డను చేతుల్లో పట్టుకున్న తల్లి ఆ తలుపు దగ్గర నిలబడి కిందికి చూసినప్పుడు తెప్ప ఒక క్షణం కాళ్ళ దగ్గర, ఇంకో క్షణం ఎక్కడో లోతులో కనబడి ఉంటుంది. ఆమెను దూకమని చెప్పాలి. చెప్పారు. ఆ పగలూ, మరునాడూ పని సాగింది. 69 మందీ బతికారు.

ఇటువంటిదే ఇంకొకటి, తొమ్మిదేళ్ళ తరువాత, మళ్ళీ అక్టోబరులోనే, పసిఫిక్‌లో. హోనొలూలు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న పాన్ అమెరికన్ విమానానికి 1956 అక్టోబరు 15, 16 మధ్య రాత్రి రెండు ఇంజన్లు పాడయ్యాయి. కింద నవంబర్ అనే చోటులో పాంచట్రెయిన్ అనే నౌక ఉంది. పైలట్ రిచర్డ్ ఆగ్ ఏం చేశాడు? వెంటనే దిగలేదు. చీకట్లో అలలు కనబడవు. రాత్రంతా ఓడ చుట్టూ తిరుగుతూ తెల్లవారేదాకా ఆగాడు. ఇటువంటి విమానం అంతకుముందు నీళ్ళలో దిగినప్పుడు తోక విరిగిపోయిందని అతనికి తెలుసు కాబట్టి వెనుక కూర్చున్నవారందరినీ ముందుకు రప్పించాడు. తెల్లవారాక, దిగవలసిన దారిని ఓడ నీటి మీద నురగతో గీసి చూపింది. విమానం దిగింది, తోక విరిగింది, ఆ భాగంలో ఎవరూ లేరు. 31 మందినీ ఓడ ఎక్కించుకుంది. కాసేపటికి విమానం మునిగిపోయింది.

నేను ఈ రెండు ఘటనలను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ రెండు ఓడలూ ఆ రోజు ఆ చోట్లలో ఎందుకున్నాయి? విమానం పడుతుందని ఎవరికైనా తెలుసా? వందల రోజులు అక్కడ ఏమీ జరగలేదు. ఏమీ జరగని ఆ వందల రోజులూ ఎవరో ఒకరు అక్కడ ఉన్నారు కాబట్టే ఆ ఒక్క రోజున కూడా ఉన్నారు.

తరువాత కాలం మారింది. జెట్ విమానాలు వచ్చాయి, వాటికి కింద ఓడ తోడు అవసరం తగ్గింది. 1960లో మొదటి వాతావరణ ఉపగ్రహం టైరోస్ పైకి వెళ్ళింది. ఒక్క చోటును కాయాలంటే మార్చి మార్చి పంపడానికి ఒకటికి మించి ఓడలు, వాటికి సిబ్బంది, ఇంధనం కావాలి. ఆ ఖర్చును దేశాలు ఇక భరించలేమన్నాయి. అమెరికా 1977లో ఆపేసింది. కెనడా 1981లో పాపాను వదిలింది. చివరిదాకా నిలిచింది నార్వేవారి పోలార్‌ఫ్రంట్, మైక్ అనే చోటులో, 66 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. 2009 సంవత్సరంతో అదీ ముగిసింది.

ఆ మైక్ దగ్గర 1948 అక్టోబరు నుంచి అరవై ఏళ్ళకు పైగా ఒకేచోట, ఉపరితలం నుంచి రెండు వేల మీటర్ల లోతుదాకా నీటి ఉష్ణోగ్రత కొలుస్తూ వచ్చారు. అందువల్ల ఏం తెలిసింది? 1980ల నడిమి నుంచి ఆ లోతు నీరు వేడెక్కుతోందని తెలిసింది. డిగ్రీలో చిన్న చిన్న భాగాలు అవి. ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది అక్కడ కొలిచి ఉంటే ఆ తేడా చోటు తేడాయో కాలం తేడాయో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఉపగ్రహం నీటి పైపొరను చూస్తుంది, రెండు వేల మీటర్ల కిందికి దాని చూపు పోదు. పాపా లెక్కలూ అటువంటివే. గాలీ ఎండా కలిసి సముద్రపు పైపొరను ఎలా కలియబెడతాయో లెక్కగట్టే సూత్రాలను ఈనాటికీ ముందుగా పాపా అంకెల మీదే సరిచూసుకుంటారు. కెనడావారు ఆ చోటుకు పరిశోధక నౌకలు పంపడం మానలేదు. 2007 నుంచి అక్కడ అమెరికావారి బోయా, అంటే కొలిచే పరికరాలు మోస్తూ నీటి మీద తేలే సాధనం, ఒకటి లంగరు మీద తేలుతోంది.

ఇక మన సముద్రం మాట. ఆ అక్షరాల వరుసలో బంగాళాఖాతానికి ఒక్క అక్షరమూ దక్కలేదు. ఆ ఓడలను అట్లాంటిక్, పసిఫిక్ విమాన మార్గాల కోసం పెట్టారు, మన తుఫానుల కోసం కాదు. అలాగని మనవాళ్ళు ఊరికే కూర్చోలేదు. 1950లలోనే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తతో కలిసి మన అధ్యాపకులు, విద్యార్థులు నౌకాదళపు ఓడల మీద ఈ తీరంలో నీటిని కొలిచారు. దేశంలో మొదటి తుఫాను రాడారును 1970లో ఈ విశాఖలోనే పెట్టారు. కానీ రాడారు చూపు నాలుగు వందల కిలోమీటర్లు. దానికి ఆవల ఉన్నది దారిన పోయే ఓడ, అది కూడా తుఫానును తప్పుకుని పోయే ఓడ. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. పదివేలమంది పోయారు. అప్పటికి మన సముద్రాన్ని రేయింబవళ్ళు ఒకేచోటి నుంచి చూసే మన ఉపగ్రహం ఇంకా లేదు. నడిసముద్రంలో ఓడ ఉండి ఉంటే అంతా బతికేవారని నేను అనను. ఊరికి మాట చేరడం, చేరిన మాట విని కదలడం, కదిలినవారికి నిలబడే గట్టి కప్పు ఉండడం, అన్నీ కావాలి. కానీ ఆ తుఫాను ఎంత బలం పుంజుకుందో దగ్గరుండి కొలిచి చెప్పే కన్ను ఒకటి తక్కువైందన్న బాధ మా తరం ఉద్యోగులకు ఉంది. నాకు ఇప్పటికీ ఉంది.

కొన్ని వారాలపాటైనా నిలబడిన ఓడలు మన దగ్గరకు రాకపోలేదు. 1977లోనూ, 1979లో మోనెక్స్ అనే ప్రయోగంలోనూ సోవియట్ నౌకలు రుతుపవనాలను కొలవడానికి మన సముద్రాలలో నిలిచాయి. 1999 జూలై, ఆగస్టు నెలల్లో మన పరిశోధక నౌకలు సాగర్ కన్య, సాగర్‌ధ్వని బంగాళాఖాతంలో బాబ్‌మెక్స్ అనే ప్రయోగంలో పాల్గొన్నాయి. మన సముద్రపు తీరు అట్లాంటిక్‌ది కాదు. గంగ, గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. అది కింది చల్లని నీటిని పైకి రానివ్వదు. పైపొర వెచ్చగానే ఉండిపోతుంది. ఆ వెచ్చదనమే అల్పపీడనాలకు మేత. ఇది ఒడ్డున నిలబడి తెలుసుకునేది కాదు, అక్కడ ఉండి, రోజూ అదే చోట నీళ్ళు తోడి చూడాలి.

ఆ పని ఇప్పుడు బోయాలు చేస్తున్నాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 1997 నుంచి వాటిని లంగరు వేసి నిలుపుతోంది. వాటి అంకెలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రానికి చేరతాయి. అక్కడ నుంచే మీ ఊళ్ళకు అలల హెచ్చరికలు వస్తాయి. గాలి, పీడనం, నీటి వేడి, అల ఎత్తు, అన్నీ ఉపగ్రహం ద్వారా వస్తాయి. తుఫాను వస్తే బోయా తప్పుకోదు, అందుకే అది ఆ పాత ఓడలకు వారసురాలు. తేడా ఒక్కటే, దాని మీద మనిషి లేడు. దెబ్బ తగిలితే చెప్పుకునే నోరు లేదు.

వేటకు వెళ్ళే అన్నదమ్ములు ఈ సభలో చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్క మాట అడుగుతాను. నడిసముద్రంలో ఏ వస్తువు తేలుతున్నా దాని నీడకు చేపలు చేరతాయి, అది మీకు నాకంటే బాగా తెలుసు. బోయా కిందా చేరతాయి. అక్కడ వల వేయాలని, బోటును దానికి కట్టి కాసేపు నడుం వాల్చాలని అనిపించడం సహజం. కానీ బోటు కట్టిన తాడు లాగితే దాని కొక్కేలు వదులవుతాయి, బోటు అంచు తగిలితే గాలిమాపకం విరుగుతుంది. అది బాగు చేయడానికి మళ్ళీ ఓడ వెళ్ళాలి, అందుకు నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో అక్టోబరూ నవంబరూ ఉండవచ్చు. పసుపు రంగు బోయా కనబడితే కొంచెం దూరంగా పొండి. లైటు వెలగకపోయినా, గాలిమాపకం తిరగకపోయినా, ఒరిగిపోయినట్టు కనబడినా, రేవుకు తిరిగి రాగానే మత్స్యశాఖ వారికి చెప్పండి. ఏ రోజు, ఏ వేళ, ఒడ్డుకు ఎంత దూరంలో చూశారో చెబితే చాలు, మిగతాది వారు చూసుకుంటారు.